రాజమండ్రిలో లేని రూతక్క

మోకాళ్ళేసి సెల్ టవర్‌ను కూడా వణికించగల మనిషి నల్లమలకు ఈ పక్కన ఒక్కతే ఉంది. రాచర్ల దగ్గరి పల్లెలో ఉండే పుష్పమ్మ. ఆమె ప్రార్థన చేస్తే ఎండిన బోరు నీళ్ళు కక్కింది, కుంటి మేక లేచి పక్కోళ్ళ చేలో పడింది. నమ్మకపోతే మేకనే అడగండి అందామంటే, పోయిన క్రిస్మస్‌కు దాన్ని కోసుకుని తిన్నారు.

అంతటి పుష్పమ్మకు రాయడం రాదు. వయసులో ఉన్నప్పుడు మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు బిగించింది గానీ, ఒక్క పలక మీదా అక్షరం దిద్దలేదు. చదవడం మాత్రం బైబిలు ముందేసుకుని కూడబలుక్కుంటూ నేర్చుకుంది. మనవరాలు ఫెబీ తన పాత ఫోన్ ఇచ్చి, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని చూపించింది.

"బాగుండావా నాయనా?" అని పుష్పమ్మ ఫోన్‌ను పలకరించింది. అది బుద్ధిగా అదే రాసింది.

"చూడే, మారుమాట లేకుండా చెప్పింది చేసేది మీ తాత తర్వాత ఇదొక్కటే" అని మురిసిపోయింది.

ఫెబీయే ఆమెను ఒక ప్రార్థన గ్రూపులో చేర్చింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఉన్నారందులో. కొత్తవాళ్ళు పేరు, ఊరు చెప్పాలన్నారు. చెప్పబోతుంటే గిద్దలూరు సంతోషమ్మ ఫొటో కనబడింది. సంతోషమ్మ ఆమె ఆడబిడ్డ, మొగుడి చెల్లెలు. తన కొడుకు ఆనంద్‌కు పుష్పమ్మ చిన్న కూతురు ప్రశాంతిని చేసుకుంటానని ఆశపెట్టి, ఆఖరికి బయటి సంబంధం చూసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పుష్పమ్మ మైకు నొక్కి, "రూతు, రాజమండ్రి" అంది. జన్మలో రాజమండ్రి చూసింది లేదు. ఫొటోగా గులాబీ పువ్వు పెట్టించుకుంది.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కముందే సంతోషమ్మ విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, నీ ప్రార్థన చదివితే మా అమ్మ తల నిమిరినట్టుంది." ఆ తర్వాత రోజూ పెట్టేది. మోకాలి నొప్పి, కోడలు రాని ఇల్లు, వండుకోబుద్ధి కాని పూటలు. పుష్పమ్మ చేట పక్కన పెట్టి జవాబు చెప్పేది. మొదట్లో ఆడబిడ్డ కష్టాలు వినడం తీపిగానే ఉండింది, దాచేదేముంది. పోనుపోను ఆ మెసేజ్ రాని పూట అన్నం సయించేది కాదు.

"ఏందవ్వా, లవ్వా?" అని ఫెబీ ఆటపట్టించేది.

"నోర్ముయ్యే. దేవుని పని."

ఒక మధ్యాహ్నం సంతోషమ్మ పెద్ద మెసేజ్ పెట్టింది. ఆనంద్‌కు మళ్ళీ సంబంధం వచ్చిందట. "భయంగా ఉందక్కా. నాలుగేళ్ళ కిందట చంద్రశేఖరపురం సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. పిల్లోనికి మూర్ఛలొస్తాయని ఎవురో చెప్పినారు. నా బిడ్డకు ఏ జబ్బూ లేదు. పక్కింటి శేషమ్మే చెప్పిందని వీధిలో నిలబెట్టి తిట్టినా. మళ్ళా చెప్పకుండా ఆ నోరు పడిపోవాలని ప్రార్థన చెయ్యక్కా."

పుష్పమ్మ అలవాటు కొద్దీ మోకాళ్ళేసి, కళ్ళు మూసుకుని, మైకు నొక్కింది. "ప్రభువా, ఆ నోరు..." అని ఆగిపోయింది.

ఆ నోరు శేషమ్మది కాదు. మేనమామ ఊళ్ళో పిల్లాడి గురించి విచారిద్దామని చంద్రశేఖరపురం వాళ్ళు వచ్చినప్పుడు, చెంబుతో నీళ్ళిచ్చి, నీళ్ళతో పాటు ఆ మూర్ఛ మాట కూడా ఇచ్చింది పుష్పమ్మే. కూతురిని కాదన్నారన్న కడుపుమంట. ప్రశాంతికి ఆ మరుసటేడే పెళ్ళయింది, బిడ్డ కూడా పుట్టింది. ఆనంద్ అట్లాగే ఉండిపోయాడు.

"ఆ నోరు నాదే గద తండ్రీ" అని గొణుక్కుంది. మారుమాట ఎరగని ఫోన్ దాన్నీ రాసుకుంది. తడబడిన వేలు తగిలి ఆ మాట సంతోషమ్మకు పోనే పోయింది.

"ఫెబీ! తుడువే, తుడువే!"

ఫెబీ వచ్చి తుడిచింది. తుడిచిన చోట మెసేజ్ తీసేసినట్టు గుర్తు మిగిలింది.

"అదేంది? అది గూడా తుడువు."

"అది పోదవ్వా."

"పలకైతే ఉమ్మేసి తుడిస్తే పోతాది."

"ఇది మార్కాపురం పలక కాదు."

కాసేపటికి సంతోషమ్మ అడిగింది: "ఏం పెట్టి తీసేసినావక్కా?"

"చెయ్యి తగిలిందని చెప్పవ్వా" అని ఫెబీ అందించింది. పుష్పమ్మ ఆ మాట విననట్టే చీర మార్చుకుని, ఫెబీని వెంటేసుకుని గిద్దలూరు ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆటో చక్రం ఊడిపోవాలని ప్రార్థన చేసింది. టవర్లను వణికించే ప్రార్థనకు చక్రం చెక్కుచెదరలేదు.

సంతోషమ్మ గడప దగ్గర కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. వదినను చూసి లేవలేదు.

"ఏం వదినా, దోవ తప్పినావా?"

"మూర్ఛలని చెప్పింది శేషమ్మ కాదు. నేనే."

"శేషమ్మను అన్న సంగతి నీకెట్ల తెలుసు?"

పుష్పమ్మ కొంగులోంచి ఫోన్ తీసి గులాబీ పువ్వు చూపించింది. సంతోషమ్మ ఆ పువ్వుకేసి చాలాసేపు చూసింది.

"రాజమండ్రిలో ఎవురూ లేరా?"

"లేరు."

"మోకాలికి కాపడం పెట్టుకోమని చెప్పింది?"

"నేనే."

"అన్నం తిన్నావా అని రోజూ అడిగేది?"

"నేనేనమ్మీ."

కొడుకు సంబంధం చెడగొట్టినందుకు తిడుతుందని, కొట్టినా పడదామని పుష్పమ్మ సిద్ధపడి వచ్చింది. సంతోషమ్మ తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని చావింట్లో ఏడ్చినట్టు ఏడ్చింది.

"నాకని ఉండింది ఆయక్క ఒక్కతే. ఆమెను గూడా చంపినావు గద వదినా."

"కొత్త సంబంధమోళ్ళకు నేనే పోయి చెప్తా, పిల్లోనికి ఏమీ లేదని..."

"నీ నోటితో మాకేమీ చెప్పొద్దు. పో. పోతా పోతా శేషమ్మకు చెప్పి పో."

పక్కింటి గుమ్మంలో నిలబడి, వీధి వీధంతా వింటుండగా పుష్పమ్మ చెప్పింది. తల ఎత్తలేదు. శేషమ్మ జొన్నలు చెరుగుతూ అంతా విని, "అంతలావు బైబిలు చదువుతావు గదమ్మా" అని మాత్రం అంది. తిట్టినా ఇంత కాలేది కాదు. తిరుగు ఆటోలో పుష్పమ్మ ఫెబీ ముఖం కూడా చూడలేకపోయింది.

ఇంటికొచ్చి గులాబీ తీయించింది. పేరు మార్పించింది. సంగతంతా తన నోటితోనే గ్రూపులో చెప్పింది. అందరికంటే ముందు సంతోషమ్మ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఇప్పటికీ పుష్పమ్మ రోజూ విడిగా ఒకటే అడుగుతుంది: "అన్నం తిన్నావా?" చదివినట్టు రెండు నీలం గీతలు పడతాయి. జవాబు రాదు.

ఇదంతా రాసి ఫెబీ అవ్వకు చదివి వినిపించింది. "చివర్లో ఇద్దరూ కావలించుకున్నారని రాయనా? పరువు దక్కుతాది. పోనీ, నీ పేరన్నా మార్చనా అవ్వా?"

"పేరు మార్చినావంటే చీపురు తిరగేస్తా. పుష్పమ్మ అనే రాయి. ఆయమ్మ ఇంకా పలకలేదని గూడా రాయి."