సీసాకి భయపడి నీళ్ళు మానేశాను

నా ఒంట్లో తేడా చేసిందని తెలిసిన రోజున నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. మాది కడియం. నర్సరీ మొక్కల లోడు వేసుకుని ఉత్తరాదికి లారీ తోలుతాను. దారిలో పొద్దున్నా సాయంత్రం పెట్రోలు బంకుల దగ్గర ఆపి లోడు మీద నీళ్ళు చల్లాలి. మొక్క వాడిపోతే అవతలి పార్టీ దింపుకోదు. ఆ రోజు నాగపూర్ దాటాక ఒక బంకులో పైపు పట్టుకుని లారీ వెనక నిలబడ్డాను. ఉన్నట్టుండి కుడి డొక్కలో ఎవరో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టయింది. పైపు వదిలేసి అక్కడే కూలబడ్డాను. నాతోపాటు వచ్చే రెండో డ్రైవరు వీర్రాజు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ సూరిబాబుగారూ? వడదెబ్బా?"

"గ్యాసు" అన్నాను. మన వైపు గుండెపోటు కూడా ముందు గ్యాసే కదా.

కాసేపటికి ఒంటేలుకి వెళితే తాంబూలం ఉమ్మినట్టు ఎర్రగా పడింది. అప్పుడు వేసింది భయం.

నిజానికి ఇది ఆ రోజు మొదలైంది కాదు. అంతకు ముందు ఏడు సత్తిబాబన్నయ్య పోయాడు. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఏళ్ళ తరబడి ఒకే బండి మీద తిరిగాం. ఆయన ఇల్లు మా లారీలు వెళ్ళే రోడ్డు పక్కనే. బండి బయల్దేరినప్పుడల్లా వాళ్ళావిడ వరలక్ష్మి వదిన గేటు దగ్గరికి వచ్చి, పాత కూల్ డ్రింకు సీసాలు కడిగి నింపిన నీళ్ళు మా ఇద్దరికీ అందించేది. వాటిని అద్దం ముందు వరసగా పేర్చేవాళ్ళం. మధ్యాహ్నానికి ఆ నీళ్ళు టీ పెట్టుకోవచ్చు అన్నంత కాగేవి. అవే తాగేవాళ్ళం. సీసాలు మసకబారి సొట్టలు పడినా పారేసేవాళ్ళం కాదు.

అన్నయ్యకి కడుపులో కేన్సర్ అన్నారు. తెలిసేసరికే ముదిరిపోయింది. ఎంత మనిషి ఎంతైపోయాడో నేను దగ్గరుండి చూశాను. పెద్దకర్మ రోజున షామియానా కింద తలా ఓ మాట అన్నారు. ఒకాయన ఫోన్లో వీడియో పెట్టాడు. ఎండకి కాగిన ప్లాస్టిక్ సీసాలోంచి విషం దిగుతుందని, అది తాగితే కేన్సరేనని అందులో ఎవరో గట్టిగా చెబుతున్నాడు. "అదేనండి, ఆ సీసాలేనండి బాబూ ఆయన్ని తినేసింది" అన్నారందరూ. ఆ తీర్పు చెప్పినవాళ్ళలో సగం మంది వేళ్ళ మధ్య చుట్టలు కాలుతున్నాయి. అన్నయ్యా చివరిదాకా చుట్ట వదల్లేదు. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. గుమ్మంలో నిలబడి వదిన అన్నీ వింటోంది. ఆ తర్వాత ఆవిడ లారీల దగ్గరికి రావడం మానేసింది.

నేను సీసా మానేశాను. మానేసి దాని బదులు ఇంకోటి పెట్టుకున్నానా అంటే అదీ లేదు. దాబాలో స్టీలు గ్లాసుతో నీళ్ళిస్తారని సంబరపడ్డాను గానీ, ఆ నీళ్ళు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోంచి ముంచుతున్నారని చూశాక అవీ గొంతు దిగలేదు. ఊరు కాని ఊళ్ళో బోరు నీళ్ళంటే కడుపు చెడుతుందని భయం. ఇలా ఒక్కోటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలింది గాజు గ్లాసులో టీ. వేసవి కాలం, కింద ఇంజను వేడి, క్యాబిన్లో పొయ్యి మీద కూర్చున్నట్టుండేది. మూత్రం పసుపు నీళ్ళలా మంటగా వచ్చేది. పిక్కలు పట్టేసేవి. ఎవరికీ చెప్పలేదు. ఘాట్ రోడ్డులో బ్రేకు పోయిన బండిని ఆపినవాడు నీళ్ళ సీసాకి జడుస్తున్నాడంటే నవ్వరా? మంగకి, అంటే మా ఆవిడకి కూడా చెప్పలేదు.

నాగపూర్ దగ్గర ఒక క్లినిక్‌లో ఇంజక్షన్ చేసి, స్టోన్ అయ్యుంటుంది, వెంటనే స్కాన్ తీయించుకోమన్నారు. నేను వినలేదు. నొప్పి మాత్రలు మింగుతూ లోడు దింపించి, మళ్ళీ అవే మింగుతూ ఇంటి దారి పట్టాను. బండి అంతా వీర్రాజే తోలాడు. ఇంటికి చేరేసరికి మూత్రం బాగా తగ్గిపోయింది. మంగ నా మొహం చూసి నిలుచున్నచోటే ఆగిపోయింది.

"ఏంటండీ ఈ ఉబ్బు? అద్దంలో చూసుకున్నారా?"

చెప్పులు కూడా విప్పనివ్వకుండా రాజమండ్రి ఆసుపత్రికి తీసుకుపోయింది. రక్తం తీశారు, అల్ట్రాసౌండ్ చేశారు, సీటీ స్కాన్ అన్నారు. డాక్టరమ్మగారు నెమ్మదస్తురాలు. స్కాన్ ఫిల్ము లైటుకి పెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పారు.

"మీ ఎడమ కిడ్నీ బాగా చిన్నది. పుట్టుకతోనే అయ్యుండొచ్చు. ఇన్నాళ్ళూ పనంతా కుడిదే చేస్తోంది. ఇప్పుడు రాయి వచ్చి దాని గొట్టానికే అడ్డం పడింది. కిడ్నీ వడకట్టాల్సిన క్రియాటినిన్ రక్తంలో చాలా పెరిగిపోయింది. దానికి తోడు ఆ నొప్పి మాత్రలొకటి. ఎవరు మింగమన్నారండి అన్నేసి?"

"అయితే ఆయనకి ఒక్క కిడ్నీయే అన్నమాటాండీ?" అంది మంగ.

"అంతేనమ్మా. దీన్ని కాపాడుకోవాలి. ఇవాళే డీజే స్టెంట్ అని సన్న గొట్టం వేసి దారి తెరుద్దాం. అయినా క్రియాటినిన్ దిగకపోతే డయాలసిస్ తప్పదు."

డయాలసిస్ అంటే ఏంటో నాకు తెలుసు. మా వీధిలో ఒకాయన వెళ్ళొస్తుంటాడు. వారం వారం మిషను పక్కన పడుకోవాల్సిన మనిషి గోదావరి బ్రిడ్జి దాటి ఎంత దూరం పోగలడు? నాకు బండి తోలడం తప్ప వేరే పని రాదు. ఆపరేషన్ గదికి తోసుకెళ్తుంటే పైన లైట్లు చూస్తూ, ఈ ఒక్కదాన్ని ఉంచు స్వామీ అని ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకున్నాను.

స్టెంట్ పడ్డాక మూత్రం వచ్చింది. క్రియాటినిన్ కొంచెం దిగింది. హమ్మయ్య అనుకునేలోపు చలిజ్వరం పట్టుకుంది. మంచం ఊగిపోయేంత వణుకు. ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్ మార్చారు. దిగిన క్రియాటినిన్ మళ్ళీ ఎక్కింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏంటో అప్పుడు తెలిసింది. మంగ ఎదురుగా నవ్వుతూ మాట్లాడి, వరండాలోకి పోయి ఏడ్చొచ్చేది. కళ్ళు చూస్తే తెలిసిపోయేది.

జ్వరం తగ్గాక నీళ్ళు బాగా తాగమన్నారు. మంగ కింద క్యాంటీన్లో సీసా కొనుక్కొచ్చి నోటికి అందించింది. నేను తల తిప్పేసుకున్నాను. సరిగ్గా అప్పుడే రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మగారు చూశారు.

"డ్యూటీలో రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు సూరిబాబుగారూ?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇక దాచి లాభం లేదని అన్నయ్య సంగతి, వీడియో సంగతి, నీలం డ్రమ్ము సంగతి మొత్తం చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"మీ భయం ఉత్తి భయమేం కాదండి" అన్నారు. "కొన్ని గట్టి ప్లాస్టిక్కుల్లో బీపీఏ అని ఒకటుంటుంది. మెత్తటివాటిలో థాలేట్స్ అని ఉంటాయి. ఇవి శరీరంలో హార్మోన్ల పనిలో వేలు పెడతాయని అనుమానం. మీ కూల్ డ్రింకు సీసా వేరే రకం. అయినా ఎండలో కాగితే అందులోంచీ కొద్దికొద్దిగా ఏవో దిగుతాయి. ఎంత దిగితే ఎంత హాని అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు, చూస్తున్నారు. కాబట్టి జాగ్రత్త పడితే మంచిదే. కానీ అది ఎన్నాళ్ళకో రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఎండలో నీళ్ళు తాగకపోతే కిడ్నీకి వచ్చేది మాత్రం ఖాయం. అదిగో, వచ్చింది కదా."

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాణ్ణి నేనే అన్నమాట. మంగ అయితే ఊరుకోలేదు.

"నాకో మాట చెబితే మా పుట్టింటి స్టీలు పాల క్యాను తోమి ఇచ్చేదాన్ని కదండీ! అటక మీద ఊరికే పడుంది."

ఒక్క మాట. చెప్పుకోకపోవడం వల్ల ఎంత దాకా తెచ్చుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. అప్పుడు మనసులో ఉన్నదే అడిగేశాను.

"మా అన్నయ్య ఆ సీసా వల్లే పోయాడాండీ?"

"ఫలానా సీసా వల్లే వచ్చిందని నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేరండి. కడుపు కేన్సర్‌కి చాలా కారణాలుంటాయి. ఆయన పొగ తాగేవారా?"

"ఆయ్, చుట్టండి."

"దానికైతే రుజువుంది. అయినా ఆయన విషయంలో అదే కారణమని చెప్పలేం. చాలాసార్లు మాకూ తెలీదు."

క్రియాటినిన్ మెల్లగా దిగింది. డయాలసిస్ గండం తప్పింది. కొన్నాళ్ళాగి లేజర్‌తో రాయిని పొడి చేశారు, ఆ తర్వాత స్టెంట్ తీశారు. అది లోపల ఉన్నన్నాళ్ళూ బాత్రూముకీ మంచానికీ మధ్య షటిల్ సర్వీసే. కిడ్నీ మునుపటంత లేదు గానీ నా బతుక్కి సరిపోతుందన్నారు. ఇప్పటికీ పరీక్షలకి వెళ్తున్నాను.

కాస్త ఓపిక వచ్చాక వరలక్ష్మి వదిన ఇంటికి వెళ్ళాను. డాక్టరమ్మగారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

"అయితే నేను పోసిన నీళ్ళ వల్ల కాదంటావా సూరిబాబూ?"

కాదని గట్టిగా అనేద్దామనుకున్నాను. తెలియంది తెలిసినట్టు చెప్పబట్టే కదా ఇంతా జరిగిందని ఆగాను. "ఎవరికీ తెలీదంట వదినా. సీసా వల్లేనని చెప్పిన వాళ్ళకీ తెలీదంట."

"ఆ రోజు అందరూ అంటుంటే, నా చేతులతోనే పోశాను కదా అనుకున్నాను" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ అన్నాళ్ళూ అది మోస్తోందని నాకు తట్టనే లేదు. నాకూ ఏడుపాగలేదు.

ఈ మధ్యే మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాను. మంగ ఇచ్చిన పాల క్యాను సీటు వెనక నీడలో కట్టుకుంటాను. ఎండలో పని చేసే నాలాంటివాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. రోజూ మీ మూత్రం రంగు చూసుకోండి, ముదురు పసుపు తిరిగితే వెంటనే నీళ్ళు తాగండి. స్టీలుదో గాజుదో ఉంటే మేలు, ప్లాస్టిక్ సీసా అయితే ఎండలో పెట్టకండి. ఏదీ లేక ఆ సీసాయే ఉంటే దాంతోనే తాగండి. దాహాన్ని మాత్రం దాచుకోకండి.

మొదటి ట్రిప్పు బయల్దేరిన రోజు బండి వదిన ఇంటి ముందుకొచ్చేసరికి ఆవిడ గేటు దగ్గర స్టీలు బిందెతో నిలబడి ఉంది.

"నీళ్ళున్నాయా సూరిబాబూ?" అంది.

మంగ నింపిన క్యాను అంచుదాకా ఉంది. దాన్ని పట్టుకుని అటువైపు తలుపులోంచి దిగి, వెనక్కి వెళ్ళి, నీళ్ళన్నీ మొక్కల మీద పోసేశాను. ఖాళీ క్యాను తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"లేవు వదినా. పొయ్యండి."