వాల్వుకు కట్టిన పేలిక

ఏడాదిగా సింగపూర్‌లోని మా బెడోక్ ఫ్లాట్‌లో చన్నీళ్లు జోరుగానే వస్తున్నాయి, వేణ్నీళ్లు మాత్రం దారంలా కారుతున్నాయి. ఫోన్‌లో విసుక్కున్నప్పుడల్లా అమ్మ ఒకటే మాట అనేది: "సన్నగా వస్తే మెల్లగా పోసుకోవే, తొందరేముంది."

అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఈ రోజు ఇక ఓపిక లేక ప్లంబర్ అంకుల్‌ని పిలిచాను. వంటింటి వెనక, వాషింగ్ మెషీన్ పైనున్న హీటర్‌ని ఆయన స్టూలెక్కి చూశాడు.

"హీటర్ ఓకే లా. వాల్వ్ హాఫ్ క్లోజ్. హూ టై దిస్?"

హీటర్‌లోకి నీళ్లు వెళ్లే వాల్వు కదలకుండా ఒక గుడ్డ పేలిక బిగించి ఉంది. నీలం మీద తెల్ల చుక్కలు. నిరుడు మా దగ్గరున్నప్పుడు అమ్మ ఇంట్లో కట్టుకున్న పాత చీర ముక్క అది.

ఎనిమిదేళ్ల మా పాప హోంవర్క్‌లోంచి తలెత్తకుండా చెప్పింది. "అమ్మమ్మ టై చేసింది. హాట్ వాటర్ ఫాస్ట్‌గా వస్తే నాకు బర్న్ అవుతుందంట. నీకు చెప్తే తిడతావంది."

తిట్టేదాన్నే.

అంకుల్ పేలిక విప్పి నా చేతిలో పెట్టి, వాల్వు పూర్తిగా తిప్పి వెళ్లాడు. సాయంత్రం షవర్ దబదబా కురిసింది. దాని కింద నిమిషం కూడా నిలబడలేకపోయాను. తడి చేతులతోనే వెళ్లి వాల్వు సగానికి తిప్పి, పేలిక మళ్లీ కట్టేశాను.

ఇందాక మా ఆయన బాత్రూంలోంచి "మళ్లీ తగ్గిందేంటి?" అన్నారు.

"సన్నగా వస్తే మెల్లగా పోసుకోండి, తొందరేముంది" అన్నాను.

పాప గబుక్కున తలెత్తి నా వైపు చూసింది. ఆ గొంతు నాదేనంటారా?