కిటికీ వైపు కడ్డీ

చలికాలంలో నరీన్ పట్టణపు యూనివర్సిటీకి ఎంత గొప్పవాడొచ్చినా సరే, చలికోటు విప్పి కోట్లగది చూసుకునే బురుల్చమ్మ చేతికివ్వనిదే లోపలికి దారి లేదు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ కోటు తీసుకుంటుంది, నంబరు బిళ్ల ఇస్తుంది, "టోపీ ఏదిరా? చెవులు రాలిపోతాయ్!" అని తిడుతుంది. తీరిక దొరికితే పౌరశాస్త్రం క్లాసు గుమ్మంలో చేరుతుంది. అక్కడ పిల్లలు వాదించుకుంటుంటే ఆవిడకు పండగే.

ఆ క్లాసు ఎత్తేస్తున్నామని సోమవారం నోటీసు పడింది. "కస్టమర్లకు ఆసక్తి లేదు" అని రాసి, కింద డీన్ మెదెర్ సంతకం.

బురుల్చమ్మకు ఒళ్లు మండింది. "కస్టమర్లెవరే?"

"మేమే పెద్దమ్మా," అంది బెగిమాయ్ అనే విద్యార్థిని.

"మిమ్మల్నేమైనా అడిగారా?"

"ఫీజు అడిగారు."

మర్నాడు పొద్దున్నే బురుల్చమ్మ కోట్లు తగిలించే రెండు కడ్డీల్లో కిటికీ వైపు దానికి 'క్లాసు ఉండాలి' అనీ, గోడ వైపు దానికి 'వద్దు' అనీ అట్టముక్కలు కట్టింది. తన పాత కోటు కిటికీ వైపే తగిలించింది. ఇక చూడాలి ఆ సందడి!

"ఎటు?" అంటూ పిల్లల దగ్గర ఒక్కో కోటూ అందుకుంది.

"కిటికీ!"

"కిటికీ పెద్దమ్మా!"

"నాకు ఆ క్లాసులో నిద్రొస్తుంది. గోడ!"

"నీ ఖర్మ!" అంటూనే ఆవిడ నిజాయితీగా గోడకే తగిలించింది.

డీన్ హడావిడిగా వచ్చి, "ఎక్కడో చోట పడెయ్యండమ్మా," అన్నాడు. చెల్లని ఓటు! ఆయన కోటుని కుర్చీలో వేసుకుని దాని మీదే కూర్చుంది.

పదిన్నరకి కిటికీ వైపు కడ్డీ బరువాగక ఢామ్మని ఊడిపడింది. నాలుగొందల చలికోట్లు నేలమీద గుట్టపడ్డాయి. పిల్లలు ఈలలేస్తూ మెట్లు దూకి వచ్చారు. డీన్ కూడా పరుగున వచ్చి, అట్టముక్కలు చదివి చూస్తే గోడ వైపు వేలాడుతున్నవి పదకొండే.

"అబ్బో, ఇంత గిరాకీ ఉందా!" అని ఆయన అక్కడికక్కడే కొత్త నోటీసు రాశాడు: 'గిరాకీ దృష్ట్యా క్లాసు కొనసాగుతుంది.' పిల్లలు ఎగిరి గంతులేశారు.

"నా కోటివ్వండమ్మా, మీటింగుకి వేళవుతోంది."

బయట గడ్డకట్టే చలి. బురుల్చమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"గిరాకీ ఏంటి బాబూ? రేపు గిరాకీ తగ్గిందని మళ్లీ తీసేస్తావు. ఓటు అని రాయి."

"ఏ మాటైతే ఏంటమ్మా?"

"నువ్విక్కడ చదివేటప్పుడు నీ కోటూ నేనే తగిలించా. లైబ్రరీ మూస్తామంటే వారం రోజులు అరిచి గొంతు పోగొట్టుకుంది నువ్వు కాదూ?"

డీన్ మొహం కందిపోయింది. పెన్ను తీసి, 'గిరాకీ' కొట్టేసి, పైన 'ఓటు' అని రాశాడు.

బురుల్చమ్మ లేచి, కోటు దులిపి, తానే ఆయన భుజాల మీద వేసింది.

"టోపీ ఏదిరా? చెవులు రాలిపోతాయ్!"