మద్రాసుకు మోసుకెళ్ళిన కళ్ళు

అప్పట్లో నేను కడపలో ఒక ఆసుపత్రిలో నర్సుని. మా వార్డులో ఒక తపాలా బంట్రోతు మూత్రపిండాలు చెడిపోయి మంచం పట్టాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పెళ్ళి కాలేదు, తల్లి ఒక్కతే. చనిపోయినవాళ్ళ కంటి మీది అద్దంలాంటి పొర తీసి చూపులేనివాళ్ళకు అతుకుతున్నారని ఎక్కడో విని, తన కళ్ళు పనికొస్తాయా అని అతనే డాక్టరుగారిని అడిగాడు. మద్రాసులో చేస్తారని చెప్పి, ఆయన కాగితం మీద సంతకం తీసుకున్నారు.

మంచి ఎండాకాలంలో, ఒకరోజు పొద్దున అతను పోయాడు. కళ్ళు తియ్యడానికి తల్లి ససేమిరా అంది.

"కండ్లు లేకపోతే నా బిడ్డ ఆడ యాడని తడుముకుంటాడు నర్సమ్మా?"

పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాడు మాటిచ్చినాడు గదా, తీసుకోండి. ఎండ శానా ఉండాది, బద్రంగా తీస్కపోండి."

డాక్టరుగారు కళ్ళు తీసి, రెప్పల కింద దూది పెట్టి మూశారు. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. ఒక్కో కన్నును ఒక్కో చిన్న సీసాలో తడిగుడ్డ మీద ఉంచి, సీసాలను పెద్ద ఫ్లాస్కులో ఐసు మధ్యకు దించారు. "చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. ఐసు మాత్రం అయిపోనివ్వకు" అని నన్ను మద్రాసు బండి ఎక్కించారు.

ఎదురుగా కూర్చున్నామె ఒళ్ళో బిడ్డ ఏడుస్తున్నాడు. "అక్కా, ఫ్లాస్కులో సల్లనీళ్ళుండాయా? పిల్లోనికి గుక్కెడు పోయి."

"మందమ్మా ఇది" అని నా మరచెంబులో నీళ్ళిచ్చాను.

రేణిగుంట స్టేషన్లో మూత తీసి చూద్దును కదా, ఐసు ముప్పాతిక నీళ్ళయిపోయింది. సోడాలమ్మే ఆయన దగ్గరికి పరుగెత్తి ఐసు అడిగాను.

"ఉండేది ఒకటే గడ్డమ్మా. మధ్యాన్నం బేరమంతా దానిమీదే" అన్నాడు.

ఫ్లాస్కులో ఏముందో చెప్పాను. ఆయన రంపపుపొట్టులోంచి గడ్డ తీసి, కడిగి, పగలగొట్టి ఫ్లాస్కు నింపాడు. మిగిలింది తడి గోనెలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "పో తల్లీ, బండి కదుల్తాంది."

మద్రాసులో డాక్టరు సీసాలను తాకి చూసి, చల్లగానే ఉన్నాయని తలూపారు.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. ఒక కంటిపొర మగ్గం నేసే ఒకామెకు అతుక్కుంది, చూపొచ్చింది. ఇంకొకరికి అతికిన రెండోది మసకబారిపోయింది. ఆ ఉత్తరం ఆ తల్లికి చదివి వినిపించాను. రెండో సంగతి కూడా చదివి ఉత్తరం మడిచాను. ఐసు కరిగిపోవడం వల్లేనేమో, నా తప్పేనేమో అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేం జేస్తావమ్మా. ఒకటి బతికింది గదా. ఆ యమ్మకు పిల్లోల్లుండారంటనా?"

ఉత్తరంలో అది లేదు.

"ఉంటార్లే" అంది.