కుడిపక్క సీటు

మా చెల్లెలు చిన్నప్పుడు ఆ కారెక్కితే పుంగనూరు దాటకముందే వాంతి చేసుకునేది. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలికగా ఉంటుంది. మొన్న అదే మనిషి, అదే కారులో, నా సీట్లో, నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

కారు అమెరికాది. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్న దొరగారు ఓడలో తెప్పించుకున్నారు. మా నాన్న దాని డ్రైవరు. దొరగారు వెళ్లిపోతూ నాన్నకే ఇచ్చిపోయారు. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, స్టీరింగు ఎడమపక్క. మన రోడ్ల మీద ఎడమపక్క కూర్చుని నడిపేవాడికి ముందున్న లారీ వీపు తప్ప ఏమీ కనిపించదు. దాన్ని దాటాలంటే కుడిపక్క కూర్చున్నవాళ్లు తల బయటికి పెట్టి చూసి చెప్పాలి. ఆ చెప్పేది నేను. "పో నాయనా" అంటే నాన్న పోయేవాడు, "వద్దు" అంటే ఆగేవాడు. ఒక్కసారైనా తిరిగి అడగలేదు. డిగ్రీ చదివాక, ఉద్యోగం చేశాక, పెళ్లయ్యాక కూడా నా మాటను అంతగా నమ్మిన మగవాడు ఇంకొకడు నాకు దొరకలేదు.

నాన్న పోయాక ఆ కారు షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చింది. నాకు కావాలని నేను అడగలేదు, నిజమే. అడక్కపోతే వద్దని అర్థమా? శాంతిపురంలో గ్రానైటు వ్యాపారం చేసే మా మరిది, అంటే ఈ చెల్లెలి మొగుడు, దాన్ని లారీకెక్కించి బెంగళూరు తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఒళ్లు పాతది, లోపలంతా కొత్తది. కొత్త ఇంజను, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు, ఏసీ. బోనెట్టు మీద పందెం కార్లకుండే రెండు నల్ల చారలు కూడాను. ఎవరితో పందెమో, పలమనేరు బస్సుతోనా?

మదనపల్లెలో అమ్మ ఇంటిముందు పాస్టరుగారు బోనెట్టు మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే చెల్లెలు కుడిపక్క సీటు ముందుకు మడిచింది, నేను వెనక్కెక్కడానికి.

"ఎక్కక్కా, ఎనకాల కాళ్లు సాపుకోవచ్చు."

"యాల? ముందర సీటుకు నేను పనికిరానా?"

"అబ్బ, మళ్లీ మొదలుపెట్నావా! ఇప్పుడు సూసి చెప్పే పనే లేదు. కుడిపక్క అద్దం కింద కెమెరా ఉండాది. ఎదర వచ్చేదంతా ఈ తెరమీద పడతాది."

నా పని కెమెరాకు, నా సీటు తనకు. బాగా పంచుకున్నారు.

కుప్పంలో చెల్లెలి ఇంట్లో భోజనాలు. మరిది స్టీరింగు పట్టుకున్నాడు, ముగ్గురం బయల్దేరాం. పుంగనూరు దాటాక టమాటా లారీ అడ్డమొచ్చింది. అడుగు బాక్సుల్లో నలిగిన పళ్ల రసం కారి, గాలికి చిమ్మి, కెమెరా మీద పడింది. తెరంతా ఎర్రటి మసక. మరిది దిగి తుడిచాడు. లారీని అందుకునేసరికి మళ్లీ అదే రసం.

"కొంచెం తల బయటపెట్టి సూడు" అన్నాడు చెల్లెలితో.

"నాకేం తెలుస్తాది? నా సీర మీద పడదా?"

అంత ఇంజను పెట్టుకుని ఎద్దులబండిలా లారీ వెనకాలే పాకుతున్నాం. నేను నోరెత్తలేదు. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.

చివరికి మరిదే కారు పక్కకు ఆపాడు. "వదినా, మీరు ముందుకు రాండి."

"కెమెరా ఉండాది కదప్పా?"

"రాండి వదినా, మీకు దండం పెడతా."

చెల్లెలు దిగి, నా ముఖం చూడకుండా వెనక్కెక్కింది.

సీటు తోలు కొత్తది. కిటికీ అంచు మాత్రం అదే. మోచెయ్యి దాని చోటు అదే వెతుక్కుంది. మళ్లీ లారీని అందుకున్నాక తల బయటికి పెట్టాను. చెంప మీద టమాటా చుక్క పడింది. ఎదురుగా రోడ్డు కనుచూపుమేర ఖాళీ, కుక్క కూడా లేదు. లారీని దాటేస్తే కెమెరా తుడుచుకుంటారు, సీటు మడిచి నన్ను మళ్లీ వెనక్కి పంపుతారు.

"పొయ్యేదా వదినా?"

"వద్దప్పా. బస్సు వస్తాండాది" అన్నాను.

మరిది ఆగాడు. తిరిగి అడగలేదు.