‘పెద్దకంచె’లో లేని లారీ

దిల్‌సుఖ్‌నగర్‌కు కోచింగుకు వచ్చినవాడికి పుస్తకం చదివే తీరిక ఎక్కడిది? అయినా దరఖాస్తులో ‘హాబీ’ అన్న గడి కనిపిస్తే అందరం ‘పుస్తక పఠనం’ అనే రాసేవాళ్లం. క్రికెట్ అని రాస్తే పాత స్కోర్లు అడుగుతారు. పాటలు అని రాస్తే పాడమంటారు. పుస్తకానికైతే ఒక అభిప్రాయం చెబితే చాలు, ఆ అభిప్రాయం జానయ్యన్న దగ్గర దొరికేది.

జానయ్యన్నది నల్లగొండ దగ్గర పల్లె. కొత్తపేట రైతుబజారు వెనక సందులో ఇద్దరం ఒకే గదిలో కిరాయికుండేవాళ్లం. నాకు ఇరవై మూడు, ఆయనకు ముప్పై ఒకటి. ఆయన పాసైనన్ని రాతపరీక్షలు నేను రాసి కూడా ఉండను. ప్రతిసారీ ఇంటర్వ్యూలోనే తన్నేసేది. ఏడుసార్లు ఓడినవాడు ఇంటర్వ్యూ ఎలా నెగ్గాలో ఊరందరికీ నేర్పడం మాకెవరికీ వింతగా తోచలేదు. ఫీజు కట్టించుకుని నేర్పే సార్లకు మాత్రం అంతకంటే ఏం అర్హత ఉంది? ఈయన టీ తాగిస్తే నేర్పేవాడు.

ఆ ఏడాది మా అందరి అభిమాన నవల ‘పెద్దకంచె’. ఫుట్‌పాత్ మీద కొన్న ఆ కాపీకి వెనక సగం లేదు. మల్లేశం అనే రైతు భూమి తగాదాలో పడేదాకా కథ ఉంది, ఆపైన చిరుగు. మల్లేశాన్ని అక్కడే నిలబెడితే అభిప్రాయం కుదరదు. అందుకని జానయ్యన్న అతన్ని లారీ ఎక్కించి పట్నం పంపాడు. తాను బత్తాయిల లారీలోనే కొత్తపేట మార్కెట్లో దిగినవాడు మరి. ‘మల్లేశం లారీ ఎక్కుతున్నప్పుడు ఓడినట్టే కనిపిస్తాడు, కానీ ఓర్పులో గెలిచాడని నా అభిప్రాయం’ అని మేమంతా అద్దం ముందు నిలబడి వల్లించేవాళ్లం. చెబుతూ చెబుతూ నాకైతే కళ్లు చెమర్చేవి కూడా.

ఆయన సొంత ఇష్టం వేరే ఉండేది. చైతన్యపురిలో ఒక వీడియో గేముల షాపు ఉంది. తెలంగాణ ఉద్యమం రోజులు కదా, వారానికో బంద్. ఊరేగింపులో ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అని గొంతు పోయేలా అరిచి, అటునుంచటే ఆ షాపుకు పోయి, సగం దించిన షట్టర్ కిందనుంచి దూరి, కంప్యూటర్లో ఊరు కట్టే ఆట ఆడేవాడు. రోడ్లేసి, ఇళ్లు కట్టి, జనాన్ని నింపి, చివరికి ఆ ఆట మీద కోపంతో ఇంటికొచ్చేవాడు.

“గీ ఆటల చెరువు పూడిస్తే ప్లాట్లొస్తయ్, రోడ్డేస్తే భూమి ధర పెరుగుతది. గని నీళ్లు ఎవని పొలంకెళ్లి తెస్తున్నవురా అని ఒక్కసారి గూడ అడగదు. అడగాలె,” అనేవాడు.

ఇంటర్వ్యూలో ఇదే చెప్పొచ్చు కదా అన్నానొకసారి. గేములాడే వాడికి బ్యాంకు ఉద్యోగమెవడిస్తాడని నన్నే కసిరాడు. తనదైన అభిప్రాయాన్ని దాచుకుని, తనది కానిదాన్ని ఊరంతా పంచిపెట్టిన మనిషి ఆయనొక్కడే.

రెండువేల పదకొండులో ఒక బ్యాంకు గుమస్తా ఉద్యోగాలకు మా గుంపులో పన్నెండుమందిమి రాతపరీక్ష నెగ్గాం. జానయ్యన్నకు అది చివరి అవకాశం. ఆ ఏడాది దాటితే దరఖాస్తు పెట్టే వయసే ఉండదు. ఇంటర్వ్యూ రెండుసార్లు వాయిదా పడి, సకల జనుల సమ్మెలో వచ్చి పడింది. బస్సుల్లేవు. ఇస్త్రీ చొక్కాలు చెమటకు తడిసి ముద్దయ్యేలా కోఠీ దాకా నడిచాం. దారి పొడుగునా ఆయన మా చేత మల్లేశాన్ని ఒకటికి పదిసార్లు లారీ ఎక్కించాడు.

వరుసలో నేను పదకొండోవాణ్ని, ఆయన ఆఖరివాడు. లోపల బోర్డు పెద్ద వెంకట్రావుగారు, కృష్ణా జిల్లా మనిషి. నేను ‘పెద్దకంచె’ అనగానే ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

“ఆ నవల నేను మూడుసార్లు చదివానయ్యా. అందులో లారీ లేదు. పొద్దుట్నుంచీ పదిమంది ఎక్కించారు, పదిమందీ తామే చదివామని ఒట్టేశారు. నిజం చెప్పు, ఎవరు నేర్పారు మీకు?”

నేను తలుపువైపు చూపించాను. “బయట కూసున్న జానయ్య చెప్పిండు సార్. నేను చదవలే.”

వెంకట్రావుగారి మొహం విచ్చుకుంది. ఇన్నాళ్లకు ఒక్క నిజం విన్నానని మెచ్చుకుని, మంచినీళ్ల గ్లాసు నావైపు జరిపారు. నేను తాగాను కూడా. బయటికొచ్చాక ఎట్లయిందని జానయ్యన్న కళ్లతోనే అడిగాడు, మంచిగైందని తలూపాను. లారీ మాట ఎత్తొద్దని చెప్పడానికి నాకు అరనిమిషం టైముంది. చెప్పలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని ఆయన బయటికొచ్చేదాకా బెంచీమీద కూర్చున్నంతసేపూ తెలుస్తూనే ఉంది.

తిరుగుదారిలో ఆయనే చెప్పాడు. లోపలికి పోగానే లారీ సంగతి అడిగారట. అది తన కల్పనే, పిల్లల మార్కులు కోయొద్దని బతిమాలాడట. మరి నీకు నిజంగా ఏమిష్టమని వెంకట్రావుగారు అడిగితే, ఊరు కట్టే ఆట గురించి ఇరవై నిమిషాలు చెప్పాడట. నీళ్ల సంగతి కూడా వదల్లేదు, అదీ ఆ రోజుల్లో, కృష్ణా జిల్లా మనిషి ముందు. ఆయన శ్రద్ధగా విని, చాలా బాగుంది గానీ దరఖాస్తులో పుస్తక పఠనమని ఉంది, రాయని హాబీకి మార్కులెలా వేస్తామన్నారట. జానయ్యన్న అదంతా సంబరంగానే చెప్పాడు. తన అభిప్రాయం ఒకరు అడిగి విన్నారట, ముప్పై ఏళ్లలో మొదటిసారి. పోగానే ఆ లారీ తనదని సారుకెట్ల తెలిసిందో మాత్రం అర్థం కాలేదన్నాడు. నేను మలక్‌పేట రోడ్డువైపు చూస్తూ నడిచాను.

ఫలితాలొచ్చాయి. పన్నెండుమందిలో ఒక్కడికే ఉద్యోగం, నాకు. జానయ్యన్న చికెన్ తెచ్చి తానే వండాడు. మొదటి ముద్ద కలుపుతూనే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సరిగ్గా ఏ మాటలన్నావో మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. సారు నవ్విండా అనడిగాడు. నవ్వారన్నాను. లేచి చేతులు కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు సాయంత్రం టీకొట్టు దగ్గర కొత్త బ్యాచ్ చేరింది. నేనూ వెళ్లాను, వెళ్లకుండా ఉండలేక.

“పుస్తకం ఎవరు నేర్పిండ్రని అడిగితే బుకాయించకుండ్రి,” అన్నాడు జానయ్యన్న. “జానయ్య చెప్పిండు, నేను చదవలే అనుండ్రి. గీ సాయి గట్లనే గెలిచిండు,” అని నన్ను చూపించాడు.

నీ పేరు ఖరాబైతది గదన్నా అని ఎవరో అన్నారు.

“నాకు ఏజ్ దాటింది తమ్మీ. ఏ దరఖాస్తుల రాసేటందుకు గీ పేరు ఇంక నాకు పనికిరాదు. మీరు వాడుకోండ్రి.”

అందరూ నోటుపుస్తకాలు తీసి రాసుకున్నారు.