చేపల పులుసుకి నేను నొక్కిన మూడు ఓట్లు

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. గుండెలోనే కాదండి, ప్రతి ఆదివారం కడుపులో కూడా. మీకొక్కరికే చెప్తున్నాను. పేరు మాత్రం అడక్కండి.

మాది నిడదవోలు పక్కన పల్లె. మా చర్చిలో కోతల పండుగకి చేపల పులుసు పోటీ పెడతారు. ఏటా తగువే, మార్కులు ఎవరో దిద్దేశారని. నేనప్పుడే కాలేజీలో బ్లాక్‌చెయిన్ పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఊరుకోవచ్చుగా? మైకు పట్టుకున్నాను. ఫలితం ఒకరి చేతిలో ఉండదని, ఐదుగురు జడ్జీల ఫోన్లలోనూ అదే నకలు ఉంటుందని, ముగ్గురు ఒప్పుకుంటేనే ఎక్కుతుందని, ఎక్కిన ప్రతిదీ ముందుదానికి ముడిపడి ఉంటుంది కాబట్టి పాతది కదిపితే అందరికీ తెలిసిపోతుందని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

కానీ జడ్జీల్లో ముగ్గురు పెద్దవాళ్లు. రుచి చూసి, నా చెవిలో రాహేలమ్మగారి పేరు చెప్పి, "మాకీ నొక్కుళ్లు రావు, నువ్వే నొక్కెయ్ బాబూ" అని పాస్‌వర్డులు నాకే ఇచ్చేశారు. నేను మార్తమ్మగారి పేరు నొక్కాను. మూడుసార్లు.

ఎందుకు? వాళ్లమ్మాయిని నాకిమ్మని అడిగి ఉన్నాం. ఆవిడ ఇంకా ఔననలేదు.

ఆ ముగ్గురు పెద్దల్లో ఎవరికి వారు, తన మాట ఒక్కటే నెగ్గలేదనుకుని ఊరుకున్నారు. రాహేలమ్మగారు మాత్రం ఖాళీ గిన్నెతో నా దగ్గరికొచ్చారు.

"నాది ఊడ్చుకు తిన్నారు, ఆవిడది అలాగే ఉంది. ఆవిడకి నొక్కిన ముగ్గురూ ఎవరు బాబూ?"

"సిస్టం చెప్పదండి ఆంటీ."

"పోనీలే. ముగ్గురు కాదన్నారంటే నా చెయ్యే పాడైందేమో."

ఆ తర్వాత ఆవిడ పోటీకి రాలేదు. ఇంటికి చుట్టాలొస్తే కూడా పులుసు కోడలి చేతే పెట్టిస్తారట.

పెళ్లయింది. ప్రేమ కోసం చేశానని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. నిజంగా ప్రేమేనా, లేక అంతమందిని ఒక్కణ్ణే ఆడించగలనన్న పొగరా? ఓసారి మా ఆవిడ మాటల్లో అనేసింది, సంబంధం ఖాయం చేద్దామని వాళ్లమ్మ పోటీ రోజు పొద్దున్నే అనుకుందని. అంటే ఊరికే చేశాను. ఆదివారం ఆదివారం మా అత్తగారు ఆ ఉప్పుకషాయం వడ్డిస్తూ, "ఫస్టు ప్రైజు పులుసు, ఇంకాస్త వేసుకోండి అల్లుడుగారూ" అంటారు. వేసుకుంటాను.

మొన్న పాస్‌వర్డులు ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేశాను. పాతది చెరపలేం. కింద కొత్తది రాయొచ్చు. రాశాను: ఆ బహుమతి రాహేలమ్మగారిది, మోసం నాది. ముగ్గురు ఒప్పుకుంటే ఎక్కుతుంది.

ఇద్దరు నొక్కారు. ఇద్దరు పెద్దలకి ఇప్పటికీ నొక్కడం రాదు, నేనిక నొక్కను. మూడో పెద్దాయన చనిపోయాక, గెలిచినావిడ అని ఆ జడ్జీ కుర్చీ మా అత్తగారికిచ్చారు.

నేను రాసింది ఆవిడ ఫోనుకి వెళ్లిపోయింది, మూడో నొక్కుడు ఇక ఆవిడదే. ఇంకా చూడలేదు. రేపు ఆదివారం. అయినా ఊపిరి మాత్రం హాయిగా ఆడుతోందండి.